సంఘీభావ ఉపవాసం

మందసం తాళం చెవి కనబడటం లేదని మాస్టారికి తెలిసిన రోజుకి ఆయన భార్య చెప్పులు ఇంకా గుమ్మం పక్కనే ఉన్నాయి. ఆమెను సమాధి చేసి వారం తిరగలేదు. శనివారం బడి వదలగానే, మర్నాటి ఆరాధనకు గుడి సర్దుదామని వెళ్లి, పీఠం మీద దుమ్ము తుడిచి, ఎర్రదీపంలో నూనె పోసి, ఇక తాళం చెవి ఎక్కడుందో చూద్దామని వెనకగదిలో మేకు మీద చెయ్యి పెట్టారు. మేకు ఉంది. చెవి లేదు.

అది చిన్న గుడి. సొంతంగా ఫాదర్ లేరు. పెద్ద గుడి నుంచి నెలకోసారి ఫాదర్ మోటారుసైకిలు మీద వచ్చి, పూజ చేసి, ఆశీర్వదించిన అప్పాలు కొన్ని మందసంలో ఉంచి వెళతారు. మందసమంటే పీఠం వెనక గోడకు బిగించిన ఇత్తడి తలుపుల చిన్న పెట్టె. మిగతా ఆదివారాల్లో పఠనాలు చదివి, నాలుగు మాటలు చెప్పి, ఆ పెట్టె తెరిచి జనానికి ఆ అప్పాలే సత్ప్రసాదంగా పంచే పని మాస్టారి భార్యది. ఏళ్ల తరబడి ఆమే చేసింది. చెవి ఆమె దగ్గరే ఉండేది. ఎక్కడ పెట్టేదో మాస్టారు ఏనాడూ అడగలేదు. లోకంలో ఏ బిషప్ ఏ సభలో ఏమన్నాడో ఆయనకు కంఠోపాఠం. తన ఇంటి మనిషి తాళం చెవి ఎక్కడ దాచేదో మాత్రం తెలియదు.

చెవి పోతే పెద్ద గుడికి ఫోన్ చేసి చెప్పేయొచ్చు. అక్కడే ఉంది చిక్కు. ఈ చిన్న గుడికి తాళం వేసి జనాన్ని పెద్ద గుడికి రమ్మనాలని బిషప్ గారి కార్యాలయం చాలాకాలంగా చూస్తోంది. ఆమె ఉన్నన్నాళ్లూ ఆ మాట ఎత్తడానికి వాళ్లకు మొహం చెల్లలేదు. మామూలు జనం చేతికి మందసం అప్పగిస్తే తాళం చెవి కూడా కాపాడుకోలేకపోయారని ఒక్క మాట అక్కడికి చేరితే చాలు, ఆమె అన్నేళ్లు నిలబెట్టింది ఒక్క పూటలో మూతపడుతుంది.

మాస్టారు సంస్కరణ సంఘాన్ని పిలిచారు.

సంస్కరణ సంఘమంటే నలుగురు మగవాళ్లు. మాస్టారు, మందులషాపాయన, ప్లీడరు, ఫాదర్ కావడానికి వెళ్లి చదువు మధ్యలో తిరిగొచ్చిన ఒకాయన. ఆయన్ను ఊరంతా సగం ఫాదర్ అంటారు. క్రైస్తవ సభలో సామాన్య విశ్వాసులకు మాట ఉండాలని, స్త్రీలకు పీఠం దగ్గర చోటుండాలని, గురువులైన ఫాదర్లు సేవకులే గాని దొరలు కాదని వాళ్లు మాస్టారి ముందుగదిలో తీర్మానాలు చేస్తుంటారు. స్త్రీల పాత్ర మీద చర్చ జరిగిన రోజుల్లో ఆ గదిలో ఉన్న ఒకే ఒక్క స్త్రీ టీ తెచ్చిన మనిషి. ఒకసారి ఆమె కప్పులు అందిస్తూ, "నా గురించే మాట్లాడుకుంటున్నారా? అయితే మీలో ఒకరు వెళ్లి టీ పెట్టండి, నేను కూర్చుంటాను" అంది. అందరూ హాయిగా నవ్వారు. మంచి మాట అన్నారని మెచ్చుకున్నారు. టీ తాగారు.

"పగలగొడితే నేరం" అన్నారు ప్లీడరు.

"నేరం కాదు, అపచారం" అన్నాడు సగం ఫాదర్. "రెండూ వేరు."

"శిక్షపడేది దేనికి?"

"రెండింటికీ. కాకపోతే రెండోదానికి ఆలస్యంగా."

మందులషాపాయన గొంతు సవరించుకున్నాడు. "ప్రభువు పెట్టెలో ఉంటాడా, ప్రజల్లో ఉంటాడా అని మనం పోయినేడు తీర్మానం చేశాం కదా మాస్టారూ."

"చేశాం."

"ప్రజల్లో అని."

"అవును, ప్రజల్లోనే."

"మరి పెట్టె తెరుచుకోకపోతే ఇంత కంగారెందుకు?"

"తీర్మానం వేరు" అన్నారు మాస్టారు. "ఆదివారం వేరు."

అలా నలుగురూ వంటింట్లోకి నడిచారు. అందులో ముగ్గురికి ఆ గదిలో అడుగు పెట్టడం అదే మొదటిసారి. మాస్టారికి మొదటిసారి కాదు గాని, పంచదార డబ్బా ఏదో పిండి డబ్బా ఏదో ఆయన కూడా మూతలు తీసే తెలుసుకున్నారు. సగం ఫాదర్ స్టూలెక్కి అటక మీద గిన్నెలు తీసి ప్లీడరుకి అందిస్తున్నాడు. మందులషాపాయన పప్పు డబ్బాలో మోచేతిదాకా చెయ్యి పెట్టి కళ్లు మూసుకున్నాడు. ఆ సమయానికి చిట్టి క్యారియర్ పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

చిట్టి మాస్టారి మరదలు, పోయినావిడకు చెల్లెలు. వీధి చివర కుట్టుమిషన్ల షాపు ఆమెది. గుడిలో పీఠం మీది గుడ్డలన్నీ ఆమె కుట్టినవే. కాని అక్క ఆరాధన నడిపించే ఆదివారాల్లో చిట్టి చివరి బెంచీలో కూర్చునేది. అక్క మందసం తలుపు తీయగానే లేచి బయటికి వెళ్లిపోయేది. ఆడవాళ్లు ఆ తలుపు ముట్టుకోకూడదని ఆమె పట్టుదల. ఫాదర్ వచ్చిన నాడే ముసుగేసుకుని, మోకరించి, సత్ప్రసాదం నాలుక మీద తీసుకునేది. మళ్లీ ఆ మధ్యాహ్నమే అక్కాచెల్లెళ్లు ఒకే పళ్లెం ముందు కూర్చుని ఊసులాడుకునేవారు. ఇదెలా సాధ్యమో మాస్టారికి అర్థమయ్యేది కాదు. ఆయన తనతో ఏకీభవించని వాళ్లతో భోంచేసి చాలాకాలమైంది.

"ఏంటి బావా, సంస్కరణ వంటింటిదాకా వచ్చిందా?" అంది చిట్టి.

"ఏదో వెతుకుతున్నాం."

"ఏం పోయింది?"

"ఏం లేదు."

చిట్టికి తెలిస్తే ఫాదర్‌కి తెలిసినట్టేనని మాస్టారి లెక్క. ఆమె నలుగురినీ ఒకసారి చూసి, మందులషాపాయన మోచేతి వైపు మరికాస్త సేపు చూసి, క్యారియర్ గట్టు మీద పెట్టి వెళ్లిపోయింది.

ఆదివారం వచ్చింది. ఆరాధన మాస్టారే నడిపించాలి. ఇంకెవరున్నారు? విశ్వాసులే సభ అని గొంతు చించుకున్న మనిషికి సభ మొత్తాన్నీ ఒక ఉదయం అప్పగించినట్టయింది. ఆమె పఠనాల పుస్తకం తెరిస్తే పేజీల మధ్య కళ్లజోడు ఉంది. తీసి జేబులో పెట్టుకున్నారు. ఆ వారం సువార్త, ఉన్న వారాల్లో ఆ వారమే, అయిదు రొట్టెలు వేలమందికి పంచిన ఘట్టం.

ఆమె ప్రసంగం అయిదు నిమిషాలు దాటేది కాదు. తనకే జవాబు తెలియని ప్రశ్న ఒకటి అడిగి, కాసేపు ఆలోచించి, కూర్చునేది. మాస్టారు కూడా జనాన్ని భాగస్వాముల్ని చేయాలనుకున్నారు. దాని మీద ఆయన ఒక వ్యాసం కూడా రాశారు. "రొట్టెలు ఎవరు పంచారు?" అని అడిగారు. మళ్లీ అడిగారు. మూడోసారి చూపుడువేలు దానంతటదే లేచి ముందు బెంచీలోని మామ్మ మీద నిలిచింది. వయసులో ఆయనకు తల్లి లాంటి మామ్మ, బెంచీ పట్టుకుని లేచి, చేతులు కట్టుకుని, "శిష్యులండీ" అంది.

"మంచిది. కూర్చోండి" అన్నారు మాస్టారు. తర్వాత చాలాసేపు మాట్లాడారు. మధ్యలో ఒకసారి, "ఆ వెనక బెంచీ, నిద్ర" అన్నారు.

ఇక పెట్టె తెరవాల్సిన ఘడియ. జనం లేచి వరుస కట్టబోతున్నారు. తాళం చెవి పోయింది అని చెబితే అయిపోయేది. ఆ మాటలు నోటిదాకా వచ్చాయి. కాని ఇన్నేళ్లుగా ఏది చెప్పినా సిద్ధాంతం చేసి చెప్పడం అలవాటైన నోరు అది. దాన్ని అదుపు చేసే మనిషి లేదు.

"ఈ రోజు మనం సత్ప్రసాదం స్వీకరించడం లేదు" అన్నారు మాస్టారు. "గురువులు లేక నెలల తరబడి పూజకు నోచుకోని సంఘాలకు, దేవుని పిలుపు ఉండి కూడా పీఠం దగ్గర చోటు దొరకని స్త్రీలకు, వారిలో ఒకరై మన మధ్య సేవచేసి వెళ్లిన మనిషికి గుర్తుగా, నేడు మనం సంఘీభావ ఉపవాసం పాటిస్తున్నాం."

వాక్యం అంత పొడుగ్గా సాగి అంత శుభ్రంగా ముగిసినందుకు ఆయనకే ఆశ్చర్యమేసింది. దిద్దడానికి ఒక్క తప్పు లేదు, అది అబద్ధం కావడం తప్ప.

ముందు బెంచీలో మామ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. బయటికి వస్తూ ఒక్కొక్కరే మాస్టారి చెయ్యి పట్టుకుని నొక్కారు. అన్నీ తెలిసిన సగం ఫాదర్ చివర్లో వచ్చి చెవిలో, "ఇది అబద్ధం మాస్టారూ. కానీ ఎంత మంచి అబద్ధం, మనం చేసిన తీర్మానాలన్నీ దీని ముందు దండగ" అన్నాడు. మందులషాపాయన కళ్లు చెమ్మగిల్లాయి. తాళం చెవి సంగతి తెలిసి కూడా చెమ్మగిల్లాయి. మధ్యాహ్నానికల్లా ప్లీడరు ఆ వాక్యాన్ని టైపు చేసి, తెలిసిన ప్రతి ఫోనుకీ పంపేశారు.

వారం మధ్యలో ఫాదర్ ఫోన్ చేశారు. "మాస్టారూ, మీ దగ్గర ఉపవాసమట కదా. ఇంకో రెండు చిన్న గుళ్లలో కూడా వచ్చే ఆదివారం మానేస్తామంటున్నారు. బిషప్ గారి కార్యాలయం నన్నడుగుతోంది. శుక్రవారం సాయంత్రం వస్తాను, ఉండండి."

తీర్మానాల వల్ల కానిది ఒక తాళం చెవి వల్ల అయింది. మాస్టారు ఖాళీ క్యారియర్ కడిగి చిట్టి షాపుకి పట్టుకెళ్లారు. ఆమె మెడలో టేపు వేసుకుని, మిషన్ మీద తెల్లగుడ్డ అంచు కుడుతోంది. తలెత్తలేదు.

"బావా, జనాన్ని పస్తు పెట్టావంట."

"పస్తు కాదు, ఉపవాసం."

"తేడా ఏంటి?"

"ఇష్టపడి చేస్తే ఉపవాసం."

"వాళ్ల ఇష్టం అడిగావా?"

మాస్టారు క్యారియర్ బల్ల మీద పెట్టారు. దాన్ని కాస్త జరిపారు. మళ్లీ ఉన్నచోటికే జరిపారు.

"నిన్న మామ్మొచ్చి ఆ స్టూలు మీద కూర్చుంది" అంది చిట్టి. "ఆదివారం నోట్లో ఏం పడలేదు, వారమంతా ఎలాగో ఉందమ్మా అంది. అయినా మీ అక్క కోసమేగా, ఫరవాలేదు అంది. తనటు వెళ్లాక నేను సూదిలో దారం ఎక్కించలేకపోయాను." మిషన్ ఆపి, మెడలోని గొలుసు పైకి లాగింది. సిలువ బిళ్ల పక్కన చిన్న ఇత్తడి తాళం చెవి వేలాడుతోంది.

మాస్టారు స్టూలు మీద కూర్చున్నారు. "ఎక్కడిది?"

"అక్కిచ్చింది. ఆసుపత్రిలో."

"నాకు చెప్పొద్దా?"

"అడిగావా? పంచదార డబ్బానడిగావు, పిండి డబ్బానడిగావు. మందులషాపాయన పప్పుని కూడా అడిగాడు. ఏం పోయిందని నా అంతట నేనడిగితే ఏం లేదన్నావు."

అది నిజం. అందరి మాటా వినాలని ఆయన చెప్పని సభ లేదు. ఆ అందరిలో ఈవిడ ఉన్నట్టు ఎప్పుడూ తోచలేదు.

"నాకివ్వమని చెప్పలేదా?"

"లేదు."

"ఎందుకని?"

చిట్టి దారం పళ్లతో తెంపింది. "నీ చేతికిస్తే పెట్టె తెరిచే ముందు పీఠిక చెబుతావంది. నవ్వుతూనే అందిలే."

మాస్టారికి నవ్వొచ్చింది. ఆమె పోయాక అదే మొదటిసారి. అది సగంలో ఇంకేదో అవుతుంటే, ఆయన గోడకు తగిలించిన కొలతల పట్టీని శ్రద్ధగా చదివారు. చిట్టి మిషన్‌కి నూనె వేసింది. అవసరం లేకపోయినా వేసింది.

"మరి నీకెందుకిచ్చింది?" అన్నారు మాస్టారు కాసేపయ్యాక. "తన చేతి నుంచి నువ్వు ఒక్కసారీ తీసుకోలేదు."

"నేనూ అదే అడిగాను. నీకు ఆ తలుపంటే భయం, భయమున్న వాళ్ల దగ్గరే ఉండాలి, నువ్వే తియ్యాలి అంది." చెవిని మళ్లీ జాకెట్టులోకి జార్చింది. "నేను తియ్యను బావా. ఆడవాళ్లు అక్కడికి వెళ్లకూడదనే ఇప్పటికీ అంటాను. అక్కతో అన్నాను, నీతోనూ అంటాను."

ఈ వాదనకు మాస్టారి దగ్గర బోలెడు జవాబులున్నాయి, కొన్ని పాదసూచికలతో సహా. ఒకటి నాలుక చివరికి వచ్చింది కూడా. చిట్టి కత్తెర అందుకుంది. ఆయన ఊరుకున్నారు.

"శుక్రవారం ఫాదర్ వస్తారుగా" అంది ఆమె. "చెవి ఆయన చేతికిచ్చేస్తాను. నిజం నువ్వు చెప్పు. నువ్వు చెప్పేదాకా నేను నోరు విప్పను."

శుక్రవారం ముగ్గురూ గుడి వెనకగదిలో కూర్చున్నారు. ఫాదర్ కుర్రవాడు, మర్యాదస్తుడు. హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని, దాన్ని చూస్తూ మాట్లాడారు.

"బిషప్ గారు కోప్పడలేదు మాస్టారూ. బాధపడ్డారు. ఇంతమంది సత్ప్రసాదం మానుకునేదాకా మనం వినలేదా అన్నారు. వచ్చే నెల సంప్రదింపుల సభ ఉంది. స్త్రీల పరిచర్య గురించి మాట్లాడటానికి మిమ్మల్ని పిలవమన్నారు. మీరే మాట్లాడాలట."

మాస్టారు ఎన్నేళ్లుగానో తట్టిన తలుపు అది. ఇప్పుడు లోపలి నుంచి ఎవరో గడియ తీశారు. ఆయన ఒక్క మాట అనక్కర్లేదు, ఊరికే తలూపితే చాలు. ఉపన్యాసం మొదటి పేరా అప్పుడే తలలో తయారైపోయింది. రెండో పేరాలో భార్య ప్రస్తావన ఎక్కడ రావాలో కూడా నిర్ణయమైపోయింది. అక్కడ ఆయనకు తన మీద తనకే అసహ్యమేసింది.

చిట్టి కిటికీ ఊచల మీద తుప్పు చూస్తోంది.

"ఉపవాసం ఏం లేదు ఫాదర్" అన్నారు మాస్టారు. "తాళం చెవి కనబడలేదు. ఆ మాట చెబితే గుడి మూసేస్తారని భయపడి ఉపవాసం అన్నాను."

ఫాదర్ హెల్మెట్‌ని ఒక చుట్టు తిప్పారు. "ఆ రెండు గుళ్లవాళ్లు నిజంగానే మానేయబోతున్నారు."

"రేపు వెళ్లి చెబుతాను."

"మీ జనానికి?"

"వాళ్లకీ చెబుతాను."

"నేను కార్యాలయంలో ఉన్నదే చెబుతాను మాస్టారూ. ఆ తర్వాత సభకు పిలుస్తారో లేదో తెలియదు. ఈ గుడి సంగతంటారా, బాధ్యత తీసుకునే మనిషి పేరు ఒకటి ఇవ్వండి. పేరుంటే నడుస్తుంది. లేకపోతే వచ్చే నెల పూజ అయ్యాక నేను మందసంలో ఏమీ ఉంచి వెళ్లలేను."

చిట్టి గొలుసు తీసి ఫాదర్ ముందు పెట్టింది. ఆయన దాన్ని ముట్టుకోలేదు. "ఆవిడ మీకిచ్చారు కదమ్మా. ఈ ఆదివారానికి నా అనుమతి ఉంది, మీరే తీయండి."

"నేను బట్టలు కుట్టుకునేదాన్ని ఫాదర్."

"నేను వేసుకునే వస్త్రం కూడా మీరు కుట్టిందే. అది ముట్టుకున్నప్పుడు భయపడలేదా?"

"భయపడ్డాను. మూడుసార్లు విప్పి కుట్టాను."

"అంతే చాలు."

చిట్టి గొలుసు మళ్లీ చేతిలోకి తీసుకుంది. "ఒక్క ఆదివారం" అంది. "మామ్మ కోసం. ప్రసంగం చెప్పను, పీఠం ముందు నిలబడను. పక్క నుంచి వెళ్లి పక్క నుంచే వస్తాను."

"మీరు పఠనాలు చదవండి మాస్టారూ" అన్నారు ఫాదర్ లేస్తూ. "ప్రసంగం సంగతి... మీ ఇష్టం." పిల్లలకు ఆ రెండు మాటలు ఏ గొంతుతో అంటారో మాస్టారికి బాగా తెలుసు. బడిలో రోజూ ఆయన అనేవే అవి.

శనివారం మాస్టారు బస్సెక్కి ఆ రెండు గుళ్లకూ వెళ్లి చెప్పొచ్చారు. ఒకచోట నవ్వారు. ఇంకోచోట కుర్చీ వేయలేదు. సంస్కరణ సంఘానికి చెబితే సగం ఫాదర్ నిట్టూర్చి, "పోనీ ఒక నెల ఆగాల్సింది" అన్నాడు.

ఆదివారం గుడికి ముందుగానే చేరారు. చెప్పాల్సిన వాక్యం ఒక్కటే. తాళం చెవి పోయింది, నేను మీకు అబద్ధం చెప్పాను. పీఠిక లేదు, ఉపసంహారం లేదు. దారి పొడుగునా దాన్నే మననం చేసుకున్నారు. గుమ్మంలో మామ్మ ఆయన చెయ్యి అందుకుంది.

"బాబూ, బుధవారం కూడా నేను పూట మానేశాను" అంది రహస్యంగా. "ఆవిడ ఉన్నన్నాళ్లూ మా ఇళ్లకొచ్చి, మా మంచాల పక్కన కూర్చుని, అన్నీ ఆవిడే చేసింది. మేం ఆవిడకేం చేశాం? పోయాకైనా ఒకటి చేశామనిపించింది. మంచిపని చేయించావు."

మాస్టారు ఏదో అనబోయారు. మామ్మ అప్పటికే ముందు బెంచీ వైపు నడుస్తోంది.

సువార్త చదివి ఆయన జనం వైపు తిరిగారు. నోరు తెరిచారు. మామ్మ చేతులు ఒళ్లో పెట్టుకుని ఆయన్నే చూస్తోంది. ఆయన పుస్తకం మూసి వెళ్లి కూర్చున్నారు. జనం అది ధ్యానం అనుకున్నారు. ఆయన ఇప్పటిదాకా చేసిన ప్రసంగాల్లో అదే బాగుందని తర్వాత ప్లీడరు అన్నారు.

చిట్టి చివరి బెంచీ నుంచి లేచి, ముసుగు సవరించుకుని, గోడ పక్క నుంచి నడిచింది. మందసం ముందు మోకరించి కాసేపటిదాకా లేవలేదు. చెవి తిప్పుతుంటే గొలుసు ఇత్తడి తలుపుకి తగిలి టకటకమంది. పళ్లెం పట్టుకుని తిరిగినప్పుడు ఆమె మొహం పాలిపోయి ఉంది. వరుసలో ముందు మామ్మ, చివర మాస్టారు. "క్రీస్తు శరీరం" అంది చిట్టి. అచ్చం అక్కవే ఆ పొట్టి వేళ్లు, అదే వంకర చిటికెన వేలు. ఆయన "ఆమెన్" అనడానికి కాస్త ఆలస్యమైంది. తాను మాత్రం తీసుకోలేదు చిట్టి. ఫాదర్ వచ్చినప్పుడు తీసుకుంటానంది. తాళం వేసి, చెవి మెళ్లో వేసుకుని, వచ్చిన దారినే వెనక బెంచీకి వెళ్లిపోయింది.

కార్యాలయానికి పంపాల్సిన పేరు ఇంకా పంపలేదు. చిట్టి ఒప్పుకోలేదు, మాస్టారి పేరు ఎవరూ అనలేదు. ఉపవాసం సంగతి మాస్టారు తన గుడి జనానికి ఇంకా చెప్పలేదు.